ఒంటికీ ఇంటికీ ఒకే తుపాకి: ఉద్దానం తీరంలో చేతి తుపాకి ఎంపిక

ఒక చేత్తో పట్టి కాల్చగలిగే చిన్న తుపాకిని చేతి తుపాకి అంటారు. తూటాలు తిరిగే చక్రంలో కూర్చుంటే అది రివాల్వరు. పిడిలోని మ్యాగజైనులోంచి ఒకదాని వెనక ఒకటి పైకి వస్తే పిస్టలు. బయటికి వెళ్ళేటప్పుడు బట్టల మాటున పెట్టుకోవడానికీ, రాత్రిపూట ఇంటికి కాపలాగా ఉంచుకోవడానికీ ఒకటే ఆయుధం సరిపోతే బాగుండునని కొనేవాళ్ళు అనుకోవడం సహజమే. అమెరికాలో ఈ కోరిక చుట్టూ పెద్ద వ్యాపారమే ఉంది. శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి పట్టణాల్లో, వజ్రపుకొత్తూరు నుంచి మందస, సోంపేట, కవిటి మీదుగా ఇచ్ఛాపురం దాకా సాగే ఉద్దానం తీరంలో ఈ ప్రశ్నకు జవాబు చాలావరకు కొనేవాడి చేతిలో లేదు. ఎంతో కొంత చట్టం ముందే నిర్ణయించింది, మిగతాది ఇక్కడి ఇళ్ళు, తోటలు, ఉప్పుగాలి నిర్ణయిస్తాయి. వాటిని కలిపి చూస్తే తేలేది ఒక్కటే: ఒంటికి పనికొచ్చే తుపాకి ఇంటికి పనికిరాదు, రెండింటికీ అని కొన్నది ఎక్కువ కాలం బీరువాలోనే ఉంటుంది.

ముందుగా చట్టం సంగతి. ఆయుధాల చట్టం 1959 ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోవడం నేరం. 21 ఏళ్ళు నిండనివారికి లైసెన్సు ఇవ్వరు. 2019 సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు, అంతకు ముందు మూడు దాకా ఉండవచ్చు. లైసెన్సు గడువును మాత్రం అదే సవరణ మూడేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెంచింది. జిల్లాలో లైసెన్సు ఇచ్చే అధికారం జిల్లా మేజిస్ట్రేటుగా కలెక్టరుకు ఉంటుంది. పోలీసుల నివేదిక వచ్చాకే ఫైలు కదులుతుంది. 2016 ఆయుధాల నిబంధనలు దీనికి మరికొన్ని కాగితాలు చేర్చాయి: వాడకంలో శిక్షణ పొందినట్టు ధ్రువపత్రం, ఇంట్లో భద్రంగా దాచుకుంటానని హామీ, మనసూ ఒళ్ళూ సరిగా ఉన్నట్టు డాక్టరు ఇచ్చే పత్రం. వీటన్నిటికంటే మన విషయానికి ముఖ్యమైనది 1959 చట్టంలోని 13వ సెక్షను. రక్షణ కోసం గొట్టం 20 అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టపు తుపాకి అడిగినవారి పట్లా, పంట కాపలాకు మందు కూరి కాల్చే తుపాకి అడిగిన రైతు పట్లా ఆ సెక్షను కాస్త ఉదారంగా ఉంటుంది. రివాల్వరు, పిస్టలు అడిగినవారు మాత్రం తగిన కారణం చూపి అధికారిని ఒప్పించాలి. అంటే ఇంటికీ చేనుకూ ఒక రకం, ఒంటికి ఇంకో రకం అని చట్టసభ 1959లోనే విడదీసి పెట్టింది. ఒకే ఆయుధం రెండు పనులూ చేయాలన్న కోరిక ఈ విభజనకే ఎదురుగా ఉంది.

బయట పెట్టుకు తిరగడం గురించి మనవాళ్ళలో ఒక అపోహ ఉంది. తుపాకి నడుముకు కనబడేలా పెట్టుకుంటేనే చట్టబద్ధమనీ, దాస్తే నేరమనీ చాలామంది అనుకుంటారు. నిజం దానికి తలకిందులు. 2016 నిబంధనల ప్రకారం బహిరంగ స్థలంలో చేతి తుపాకిని హోల్‌స్టరులో ఒంటికి కట్టుకోవాలి, అది పూర్తిగా కప్పి ఉండాలి, పట్టుకున్నవాడి అదుపులో ఉండాలి. ఊరేగింపుల్లో, పెళ్ళిళ్ళలో గాలిలోకి కాలిస్తే 2019 సవరణ ప్రకారం రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కాబట్టి బయట తిరిగేవాడికి కావలసింది చొక్కా కింద ఉబ్బెత్తుగా కనబడని, తేలికైన, అంచులు బట్టకు తగలని తుపాకి. ఉద్దానం ఎండలో పల్చటి నూలు చొక్కా, లుంగీ కట్టుకు తిరిగేవాడికి అది మరీ చిన్నదిగా ఉండాలి. ఇంట్లో సంగతి ఇందుకు వ్యతిరేకం. చీకట్లో, నిద్రమత్తులో, చెమట పట్టిన చేతితో పట్టుకోవలసిన తుపాకి బరువుగా ఉంటేనే గురి నిలుస్తుంది, గొట్టం పొడవుగా ఉంటేనే తూటా అనుకున్న చోటికి పోతుంది. పైగా లైసెన్సుదారు ఇచ్చిన హామీ ప్రకారం అది తాళం వేసిన చోట ఉండాలి. దొంగ కోసం తలగడ కింద పెట్టుకుంటే హామీ తప్పినట్టు. బీరువాలో పెట్టి తాళం వేస్తే దొంగ వచ్చినప్పుడు తాళంచెవి వెతుక్కోవాలి. తేలిక, బరువుల పేచీని మంచి తయారీతో కొంత సర్దుకోవచ్చు గాని, ఈ రెండో పేచీని ఏ కంపెనీ తుపాకీ తీర్చలేదు.

ఇక దొరికే సరుకు. సైన్యం, పోలీసులు వాడే 9 మి.మీ., 38, 45 బోర్ల తుపాకులు మామూలు పౌరుడికి నిషిద్ధం. దిగుమతులు దశాబ్దాలుగా ఆగిపోయాయి. సామాన్యుడికి దొరికేది చాలావరకు ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు చేసే 32 బోరు. అందులో రివాల్వరు కాల్చేది 1896 నాటి పొడుగు 32 తూటా, పిస్టలు కాల్చేది అంతకంటే కొంచెం చురుకైన 7.65 మి.మీ. బ్రౌనింగ్ తూటా. రెండింటి దెబ్బా పోలీసుల 9 మి.మీ. తూటా దెబ్బలో మూడో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. కాన్పూరు కర్మాగారపు రివాల్వరు పాత వెబ్లీ పద్ధతిలో నడుము దగ్గర విరిగినట్టు తెరుచుకుంటుంది, ఆరు ఖాళీ తొడుగులూ ఒక్కసారే బయటికొస్తాయి. 2014లో వచ్చిన 'నిర్భీక్' అర కిలో బరువున్న తేలిక రూపం. 2023లో వచ్చిన 'ప్రబల్' సిలిండరు పక్కకు తెరుచుకుంటుంది. ఇషాపూర్ ఫ్యాక్టరీ చేసిన 'నిడర్' 22 బోరుది, బరువు పావు కిలో.

రివాల్వరా, పిస్టలా అన్న వాదంలో మైదాన ప్రాంతాల వారికి పట్టని ఒక సంగతి తీరవాసులకు పడుతుంది. భావనపాడు నుంచి బారువ దాకా వీచే గాలిలో ఉప్పు ఉంటుంది. కిటికీ చువ్వలను తినేసే ఆ తుప్పు తుపాకిని మాత్రం వదులుతుందా! తోలు హోల్‌స్టరులో పెట్టి బీరువాలో మరిచిపోతే తోలు తేమ పీల్చుకుని ఇనుముకు అంటిస్తుంది. తోలు అరల్లో దూర్చి ఉంచిన ఇత్తడి తూటాలకు కొన్ని నెలల్లో పచ్చగా చిలుము పడుతుంది. చిలుము పట్టిన తూటా రివాల్వరు అరలో బిగుసుకుపోవచ్చు, పిస్టలులోనైతే పైకి ఎక్కకుండా సగంలో ఇరుక్కోవచ్చు. తూటా పేలకపోతే రివాల్వరుకు ట్రిగ్గరు మళ్ళీ నొక్కితే చాలు, తర్వాతి అర ముందుకొస్తుంది. పిస్టలుకు పై భాగాన్ని రెండో చేత్తో వెనక్కి లాగి, పాడైనదాన్ని బయటికి నెట్టాలి. దానికి సాధన కావాలి. ఎన్ని తూటాలు కొనవచ్చో లైసెన్సు మీదే రాసి ఉంటుంది, కాల్చి నేర్చుకోవాలంటే అనుమతి ఉన్న రేంజికి పోవాలి. కొబ్బరితోటలో బొండాలకు గురిపెట్టి నేర్చుకోవడం కుదరదు. సాధన తక్కువ, తేమ ఎక్కువ ఉన్న చోట రివాల్వరే మేలు. పిస్టలు పల్చగా ఉంటుంది, బట్టల కింద బాగా ఇముడుతుంది, తూటాలు ఎక్కువ పడతాయి, నిజమే. కాని మ్యాగజైను తీసేశాక కూడా గొట్టంలో ఒక తూటా మిగిలి ఉండవచ్చని తెలియని చేతుల్లో అది ఇంటివాళ్ళకే ప్రమాదం. రివాల్వరు తెరిస్తే ఆరు అరలూ కళ్ళముందు ఉంటాయి.

ఇంటి రక్షణ వైపు చూస్తే వాదం ఇంకా బలపడుతుంది. ఉద్దానం పల్లెల్లో పాత వీధులు వరస ఇళ్ళు: ఒక ఇంటి పక్కగోడ పక్కింటికీ గోడే, ముందు అరుగు, లోపల వరసగా గదులు, వెనక పెరడు. చూరు కింద సందుల్లోంచి పక్కింటి మాట ఈ ఇంట్లో వినబడుతుంది. అలాంటి చోట చీకట్లో గురి తప్పిన తూటా తలుపు చెక్కనో కమ్మల తడికెనో దాటి ఎవరి మంచం దగ్గర ఆగుతుందో చెప్పలేం. రెండో సంగతి వలస. ఈ ప్రాంతపు మగవాళ్ళలో చాలామంది గల్ఫుకో, హైదరాబాదుకో, ఓడరేవు పనులకో పోయి ఏడాదిలో ఎక్కువ భాగం బయటే ఉంటారు. లైసెన్సు మనిషి పేరు మీద ఉంటుంది, ఇంటి పేరు మీద కాదు. యజమాని దుబాయిలో ఉంటే బీరువాలోని రివాల్వరును భార్యగాని, తండ్రిగాని చేతిలోకి తీసుకోవడానికి ఆ లైసెన్సు చాలదు. ఇంటి కాపలాకని కొన్న ఆయుధం ఇల్లు ఒంటరైన రోజుల్లోనే చట్టరీత్యా ఎవరికీ అక్కరకు రాదన్నమాట.

ఇంట్లో తుపాకి ఉంటే రక్షణ పెరుగుతుందా అన్నదానికి మన దగ్గర కంటే అమెరికాలో లెక్కలు ఎక్కువ. ఆర్థర్ కెల్లర్‌మన్ బృందం 1993లో ప్రచురించిన పరిశోధన, తుపాకి ఉన్న ఇంట్లో హత్య జరిగే అవకాశం 2.7 రెట్లు ఎక్కువని తేల్చింది. ముందే ప్రమాదంలో ఉన్నవాళ్ళే తుపాకి కొంటారు కనుక కారణం తుపాకి కాకపోవచ్చని విమర్శకులు అన్నారు, ఆ మాటలో పస ఉంది. గ్యారీ క్లెక్, మార్క్ గెర్ట్జ్ 1995లో ఏడాదికి పాతిక లక్షల సార్లు అమెరికన్లు తుపాకితో తమను కాపాడుకుంటున్నారని అంచనా వేశారు. అదే దేశపు ప్రభుత్వ నేర బాధితుల సర్వేలో ఆ సంఖ్య లక్ష చుట్టుపక్కలే తిరుగుతుంది. ఇంత తేడా ఉన్న అంచనాల మీద ఏ నిర్ణయమూ నిలపలేం. అయితే డేవిడ్ స్టడర్ట్ బృందం కాలిఫోర్నియాలో లక్షల మందిని ఏళ్ళ తరబడి గమనించి 2022లో ప్రచురించిన ఫలితాన్ని తోసిపుచ్చడం కష్టం. అందులో తుపాకి యజమానులను కాకుండా, వాళ్ళతో కలిసి ఒకే ఇంట్లో ఉండే, తమకు తుపాకి లేని పెద్దవాళ్ళను లెక్కించారు. చేతి తుపాకి యజమానితో కాపురం ఉన్నవారు జీవిత భాగస్వామి చేతి తూటాకు ఇంట్లోనే బలయ్యే అవకాశం ఏడు రెట్లు ఎక్కువని తేలింది, అలా చనిపోయినవారిలో 84 శాతం ఆడవాళ్ళు. కాలిఫోర్నియా లెక్క కవిటికి అతికించలేం. కాని కొట్లాట, తాగుడు, దిగులు ఏ దేశపు ఇంట్లోనైనా ఒకటే.

ఇంటి కాపలాకు చేతి తుపాకి వద్దన్న మాటకు వచ్చే మొదటి ఆక్షేపణ తేలికగా కొట్టిపారేయదగ్గది కాదు. తోట మధ్య ఇల్లు, రాత్రి పన్నెండు, పోలీస్ స్టేషను మండల కేంద్రంలో. 112కి ఫోను చేసినా బండి వచ్చేదాకా ఇంటివాడు ఏం చేయాలి? భారత చట్టం అతణ్ణి చేతులు కట్టుకు కూర్చోమనలేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. ప్రాణభయం ఉన్నప్పుడు ఎదుటివాడి ప్రాణం తీసేదాకా ఆ హక్కు సాగుతుందని 38వ సెక్షను, దోపిడీ, పొద్దు గుంకాక పొద్దు పొడిచేలోగా ఇంటికి కన్నం వేయడం వంటి వాటిలోనూ సాగుతుందని 41వ సెక్షను చెబుతాయి. అవసరాన్ని మించి దెబ్బ తీయకూడదనీ, అధికారుల సాయం పొందే వ్యవధి ఉంటే ఆ హక్కే లేదనీ 37వ సెక్షను పగ్గం వేస్తుంది. దర్శన్ సింగ్ కేసులో 2010లో సుప్రీంకోర్టు, తండ్రి మీద దాడి జరుగుతుంటే లైసెన్సు తుపాకి పేల్చిన పంజాబు రైతును నిర్దోషిగా విడిచిపెట్టింది. ఆ క్షణంలో ఎంత దెబ్బ సరిపోతుందో త్రాసులో తూచమనడం తగదన్నది కోర్టు వైఖరి. కాబట్టి కాల్చే హక్కు ఉంది. లేనిది సమయం. అమెరికన్ పోలీసు శిక్షకుడు డెన్నిస్ ట్యూలర్ 1983లో చూపించిన ప్రకారం, కత్తి పట్టినవాడు 21 అడుగుల దూరాన్ని ఒకటిన్నర సెకనులో దాటుతాడు, నడుముకున్న తుపాకి తీసి కాల్చడానికి శిక్షణ ఉన్నవాడికీ అంతే పడుతుంది. వరస ఇంటి నడవ పొడవు అంతకంటే ఎక్కువ ఉండదు. తుపాకి బీరువాలో ఉంటే ఆ లెక్క గురించి మాట్లాడుకోవడమే అనవసరం. ఆ ఒకటిన్నర సెకనును నిమిషాలుగా సాగదీసేవి గడియ, ఇనప తలుపు, పెరటి లైటు, కుక్క. ఊరెళ్ళేటప్పుడు ఇంట్లో కెమెరా పెట్టించుకునే ఎల్‌హెచ్‌ఎంఎస్ పద్ధతి ఆంధ్రప్రదేశ్ పోలీసుల దగ్గర ఉంది, దానికి ఖర్చు లేదు.

తుపాకి ఉందని తెలిస్తే ఎవడూ ఆ ఇంటి జోలికి రాడన్నది రెండో వాదం. ఈ జిల్లా చరిత్ర దీనికి ఎదురు సాక్ష్యం చెబుతుంది. 1967 అక్టోబరు 31న అప్పటి శ్రీకాకుళం జిల్లా పార్వతీపురం ఏజెన్సీలోని లేవిడి దగ్గర భూస్వాముల పక్షం కాల్పుల్లో కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. కోర్టు నిందితులను విడిచిపెట్టింది. తర్వాత ఏడాదిలో సాయుధ పోరాటం మొదలై ఉద్దానం దాకా పాకింది. ఆ పోరాట దళాలకు తుపాకులు దొరికిన చోట్లలో భూస్వాముల ఇళ్ళు ఒకటి. కాపలాకని ఇంట్లో ఉంచిన తుపాకే దాడికి ఒక కారణమైంది. ఈ రోజు దళాలు లేకపోవచ్చు గాని, లక్షకు పైగా ధర పలికే రివాల్వరు దొంగకు బంగారంతో సమానమే. ఊరి రాజకీయ కక్షలకు భయపడి లైసెన్సు అడిగేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: ఎన్నికల నోటిఫికేషను రాగానే లైసెన్సు ఆయుధాలను స్టేషనులో అప్పగించమంటారు. కక్షలు బాగా వేడెక్కే నెలల్లో తుపాకి ఇంట్లో ఉండదు.

ఉద్దానానికే ప్రత్యేకమైన భయం ఎలుగుబంటి. జీడిమామిడి, పనస పండే వేసవిలో ఎలుగులు తోటల్లోకి, ఊళ్ళలోకి వస్తాయి. 2018లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో భార్యాభర్తలు ఎలుగు దాడిలో చనిపోయారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒకరు చనిపోయి, మరికొందరు గాయపడ్డారు. ఆ ఎలుగును మత్తు ఇచ్చి పట్టుకున్నాక అదీ చనిపోయింది. తోటకు పోయే రైతు నడుముకు రివాల్వరు ఉంటే ఈ ప్రాణాలు దక్కేవి కావా అని అడగడం న్యాయమే. ఎలుగు దూరం నుంచి వేటాడుతూ రాదు. జీడి కొమ్మలు నేలకు వాలి గుబురుగా ఉన్న చోట మనిషి దాని మీదకు నడిచినంత పనవుతుంది, అది బెదిరి ముఖం మీదకు లేస్తుంది. దట్టమైన బొచ్చు, వంద కిలోలు దాటగల ఒళ్ళు ఉన్న జంతువును 32 బోరు తూటా ఆ క్షణంలో నిలువరిస్తుందన్న నమ్మకం లేదు, గాయపరిచి రెచ్చగొట్టే అవకాశమే ఎక్కువ. చట్టం చూస్తే ఎలుగు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, చంపితే మూడేళ్ళకు తగ్గని జైలు. ప్రాణరక్షణకు సదుద్దేశంతో చంపడం నేరం కాదని 11వ సెక్షను అంటున్నా, ఆ మాట నిరూపించుకోవలసిన భారం కాల్చినవాడి నెత్తినే పడుతుంది. గుంపుగా వెళ్ళడం, గట్టిగా మాట్లాడుతూ నడవడం, తెల్లవారకముందే జీడిపిక్కలు ఏరడానికి వంగకపోవడం ఇక్కడ ఎక్కువ పనిచేస్తాయి.

ఆడవాళ్ళ రక్షణ పేరుతో వచ్చిన 'నిర్భీక్' గురించి ఒక్క మాట. 2012 ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తర్వాత దాన్ని అలా ప్రచారం చేశారు, 2014లో విడుదలైనప్పుడు ధర సుమారు రూ.1.22 లక్షలు. పలాస జీడి ఫ్యాక్టరీల్లో పప్పు ఒలిచి సాయంత్రం నడిచి ఇంటికి పోయే మనిషికి ఆ ధర ఎన్ని నెలల కూలో లెక్క వేసుకుంటే ఆ ప్రచారం ఎవరి కోసమో తెలుస్తుంది.

ఇంతా చెప్పాక చేతి తుపాకికి ఇక్కడ చోటే లేదా అంటే, ఉంది. పలాస, కాశీబుగ్గ జీడి వ్యాపారంలో పిక్కలు దొరికే కాలంలో 80 కిలోల బస్తాల లెక్కన రైతులకు నగదు చెల్లించేవాళ్ళున్నారు. ఆ డబ్బుతో తోట దారుల్లో తిరిగే వ్యాపారికి, లేదా నిజంగా బెదిరింపులు వచ్చి పోలీసు రికార్డుకెక్కినవాడికి, ఒంటి మీద పెట్టుకునే ఆయుధం అడిగే కారణం ఉంది. అతను ఇంటి కాపలా మాట పక్కన పెట్టి, ఒంటికి కుదిరేదే ఎంచుకోవాలి. 32 బోరు రివాల్వరు, మూడు అంగుళాల గొట్టం, చెమట పీల్చని నైలాను హోల్‌స్టరు, ఇంటికి రాగానే తూటాలు తీసి వేరే తాళంలో పెట్టే అలవాటు, వారానికోసారి నూనె గుడ్డ. ఇచ్ఛాపురం దాటి బరంపురం బజారుకు పోయేవాడైతే లైసెన్సులో రాసిన పరిధి ఒడిశాకు వర్తిస్తుందో లేదో చూసుకోవాలి, ఆ పరిధి దాటి ఆయుధం పట్టుకుపోవడం నేరం. చెల్లింపులు బ్యాంకు ఖాతాలకు మారిన వ్యాపారికి ఈ అవసరం కూడా తగ్గుతుంది. ఇంటి రక్షణ కోసమే చేతి తుపాకి అడుగుదామనుకునేవారు దరఖాస్తు నింపే ముందు అదే డబ్బుతో తలుపులు, గ్రిల్సు, పెరటి లైట్లు బాగుచేయించుకోవడం మేలు.